పశువుల పాకలోనే ప్రజారోగ్యం

పాడిగేదె ఏడో నెలలో ఈసుకుపోతే దాన్ని మనం రైతుకు జరిగిన నష్టంగా చూస్తాం. కబురు అందితే పశువైద్యశాల రిజిస్టరులో ఒక వరస నిండుతుంది, అంతే. ఆ పిండాన్ని, మాయను ఉత్తచేతులతో తీసిన మనిషికి కొన్ని వారాల తర్వాత సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రంతా చెమటలు, కీళ్లనొప్పులు మొదలైతే ఆయన పేరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరాల జాబితాలో చేరుతుంది. రెండింటికీ మూలం బ్రూసెల్లా అనే ఒకే బ్యాక్టీరియా కావచ్చునన్న అనుమానం రావాలంటే ఆ రెండు రిజిస్టర్లూ ఒకచోటికి చేరాలి. ఒకటి పశుసంవర్ధక శాఖది, రెండోది ఆరోగ్య శాఖది. సమాచారం పంచుకోకపోవడం ఒక్కటే లోపమైతే ఒక సర్క్యులర్‌తో సరిపోయేది. అసలు లోపం జమాఖర్చుల్లో ఉంది. పశువుకు వేసే టీకా వల్ల మనిషికి కలిగే మేలు ఏ శాఖ పద్దులోనూ పడదు. పద్దులో పడని మేలు కోసం డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. పశువుల నుంచి సోకే బ్యాక్టీరియా వ్యాధులు అదుపులోకి రావాలంటే పాకలో పెట్టే ఖర్చులో ఒక వాటాను ఆరోగ్య బడ్జెట్ భరించాలి. నిజాయతీగా లెక్క కడితే అది ఆరోగ్య శాఖ తీర్చవలసిన బాకీయేనని తేలుతుంది.

దీనికి మొదటి కారణం ఈ బ్యాక్టీరియా బతుకుతీరులోనే ఉంది. మనిషికి జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు, పరాన్నజీవులు అన్నిటినీ 2001లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు జాబితా కడితే 1,415 తేలాయి. వాటిలో 868, అంటే 61 శాతం, జంతువుల నుంచి సోకగలిగినవే. అలాగని మన ప్రాణాలు తీసే జబ్బులన్నీ పాకలోంచే వస్తున్నాయనుకుంటే పొరపాటు. టైఫాయిడ్ మనిషి నుంచి మనిషికే వస్తుంది. మనం చూసే క్షయ కేసుల్లో అత్యధికం మనిషి దగ్గుతో వచ్చినవే. అందువల్ల క్షయ రోగికి పూర్తి మందు ఇస్తే ఆయనొక్కడే బాగుపడడు, ఆయన నుంచి సోకబోయే మరికొందరూ తప్పించుకుంటారు. బ్రూసెల్లా, దొమ్మ (ఆంత్రాక్స్) వంటి వాటి సంగతి వేరు. వాటికి మనిషి దారి తప్పి వచ్చిన మజిలీ. ఆయన నుంచి మరొకరికి సోకడం చాలా అరుదు. కాబట్టి వెయ్యిమంది రోగులకు నయం చేసినా మర్నాడు రాబోయే రోగుల సంఖ్య ఒక్కటైనా తగ్గదు. ఊట పశువులో ఉన్నంతకాలం ఆస్పత్రి ఎంత బాగా పనిచేసినా అది వచ్చిన జబ్బుకు వైద్యమే తప్ప రాబోయే జబ్బుకు నివారణ కాదు. ఇలాంటి వ్యాధుల్లో నివారణకు పెట్టే రూపాయి ప్రధానంగా పనిచేసే చోటు పశువే.

ఈ సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు. మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సైనికులను నెలల తరబడి మంచాన పడేస్తున్న జ్వరానికి కారణమైన బ్యాక్టీరియాను డేవిడ్ బ్రూస్ 1887లో, చనిపోయిన సైనికుల ప్లీహాల నుంచి వేరుచేశాడు. అది ఎక్కణ్నుంచి వస్తున్నదో తెలియడానికి మరో 18 ఏళ్లు పట్టింది. పైకి ఆరోగ్యంగా కనిపించే మేకల్లో ఆ క్రిమి దాగి ఉందని, పాల ద్వారా బయటికి వస్తోందని స్థానిక వైద్యుడు థెమిస్టోక్లిస్ జమ్మిత్ 1905లో కనిపెట్టాడు. మరుసటి ఏడాది సైన్యం, నౌకాదళం మేకపాలు మానేశాయి. వాళ్లలో జ్వరాలు దాదాపు మాయమయ్యాయి. మాల్టా పౌరులకు మాత్రం ఆ జ్వరం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తప్పలేదు. సైనికుడికి పాలు మానుకునే వీలుంది. మేకల మీద బతికే కుటుంబానికి మేకను మానుకునే వీలు లేదు. క్రిమిని వాడుకదారు గడప దగ్గర ఆపితే వాడుకదారు ఒక్కడే బయటపడతాడు. పుట్టిన చోట ఆపితేనే పశువు కాపరి బయటపడతాడు. ఆవులను ఈసుకుపోయేలా చేసే క్రిమి, మాల్టా జ్వరం క్రిమి దగ్గరి బంధువులని అమెరికా శాస్త్రవేత్త ఆలిస్ ఈవాన్స్ 1918లో ప్రకటించి, పాలను పాశ్చరైజ్ చేయాలని పట్టుబట్టినప్పుడు తోటి శాస్త్రజ్ఞులే చాలాకాలం నమ్మలేదు. పశువు జబ్బు, మనిషి జబ్బు వేర్వేరు అనే అలవాటు అంత బలమైనది.

ఇక్కడ సహజంగా వచ్చే అభ్యంతరం ఒకటుంది. మన ఇళ్లలో పాలు పొంగేదాకా కాచే తాగుతాం, పచ్చిపాలతో చేసిన జున్నుగడ్డలు తినే అలవాటు మనకు లేదు, అలాంటప్పుడు బ్రూసెల్లా గురించి ఇంత కంగారెందుకు? మొదటి మాట నిజమే. పాలు కాచే అలవాటు మనల్ని ఎన్నో జబ్బుల నుంచి కాపాడుతోంది. కానీ ఆ అలవాటు కాపాడేది పాలు తాగేవాళ్లను. పాలు పితికేవాళ్లను, ఈతకు సాయం పట్టేవాళ్లను, గొర్రెల మందలో రాత్రి కాపలా పడుకునేవాళ్లను, కబేళాలో కత్తి పట్టేవాళ్లను, గోపాలమిత్రలను, పశువైద్యులను కాపాడదు. ఈసుకుపోయిన పశువు మాయలో, ఉమ్మనీటిలో ఈ క్రిమి కోట్లాదిగా ఉంటుంది. చేతిమీద చిన్న గీరుడు చాలు, కంట్లో పడ్డ తుంపర చాలు, గాలితో లోపలికి పోయినా చాలు. శరీరంలోకి చేరాక క్రిములను మింగి చంపవలసిన రక్షక కణాల్లోనే అది కాపురం పెడుతుంది. అందుకే జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. డాక్సీసైక్లిన్‌తో పాటు మరో మందు కలిపి ఆరు వారాలు వాడాలి. ప్రాణం తీయడం అరుదే కానీ వెన్నెముకను, వృషణాలను, ఒక్కోసారి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. టైఫాయిడ్ అనో మలేరియా అనో క్షయ అనో నెలలపాటు తప్పుడు మందులు మింగించే జబ్బు ఇది. రోజు కూలి మీద, పాల బిల్లు మీద బతికే ఇంట్లో నాలుగు నెలలు నడుం ఎత్తలేకపోవడం అంటే అప్పు చేయడమే. అంటే పట్నంలో కాచిన పాలు తాగేవాడి భద్రతకు, పల్లెలో పొదుగు కింద కూర్చున్న మనిషి భద్రతకు మధ్య ఉన్న తేడాను ఈ క్రిమి బయటపెడుతోంది.

అయితే పశువులో దీన్ని ఆపడం సాధ్యమా? సాధ్యమే. ఎస్-19 అనే టీకాను నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యలకు జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వంటి సంస్థలు ఈ తరహా టీకాను ఇక్కడే తయారుచేస్తున్నాయి. కొన్ని దేశాలు రక్తపరీక్షలో క్రిమి ఉన్నట్టు తేలిన పశువులను చంపి, యజమానికి పరిహారం ఇచ్చి, జబ్బును ఊడ్చేశాయి. మన చట్టాలు, మన విశ్వాసాలు, చిన్న రైతు ఆర్థిక స్థితి మూడూ కలిసి ఆ దారిని మూసేశాయి. మిగిలింది టీకా దారే. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం ఐదేళ్లకు రూ.13,343 కోట్ల అంచనాతో గాలికుంటును, బ్రూసెల్లోసిస్‌ను ఎదుర్కోవాలని పెట్టుకుంది. ఏటా 3.6 కోట్ల పెయ్యలకు ఈ టీకా వేయాలన్నది లక్ష్యం. ఆలోచన మంచిదే, ఆచరణలోనే చిక్కులున్నాయి. గాలికుంటు వస్తే పశువు నోటివెంట చొంగ కారుతుంది, గిట్టలు పుండ్లవుతాయి, పాలు పడిపోతాయి. కళ్ల ముందు నష్టం కనిపిస్తుంది కనుక రైతే టీకా అడుగుతాడు. బ్రూసెల్లాకు అలాంటి ఆనవాళ్లు లేవు. ఒకసారి ఈసుకుపోయిన పశువు తర్వాత మామూలుగానే ఈనవచ్చు, పాలలో క్రిమిని మాత్రం విడుస్తూనే ఉంటుంది. టీకా వేయడానికి దొరికే గడువు నాలుగు నెలలే. పైగా అది బతికున్న క్రిమితో చేసిన టీకా కనుక సూది గుచ్చుకుంటే వేసేవాడికే జబ్బు రావచ్చు. ఇన్ని ఇబ్బందులున్న టీకాను పాల దిగుబడి లెక్కతో మాత్రమే తూస్తే ఎప్పుడూ అది రెండో వరసలోనే నిలబడుతుంది. మనిషి ఆరోగ్యాన్ని కూడా త్రాసులో వేస్తేనే దాని అసలు బరువు తెలుస్తుంది.

అలా తూచిచూసిన ఒక లెక్క మన ముందుంది. మంగోలియాలో పశుటీకాల వల్ల మనుషులకు కలిగే మేలును అంచనా కట్టిన అధ్యయనం 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. పదేళ్లపాటు పశువులకు సామూహికంగా టీకాలు వేసి, వాటి మధ్య బ్రూసెల్లా వ్యాప్తిని సగానికి తగ్గించగలిగితే ఏమవుతుందన్నది ప్రశ్న. ఖర్చు 83 లక్షల డాలర్లు, సమాజానికి మొత్తం లాభం 2 కోట్ల 66 లక్షల డాలర్లు అని తేలింది. పెట్టిన ప్రతి డాలరుకు మూడు డాలర్ల పైనే తిరిగి వస్తుందన్నమాట. అంతకన్నా ముఖ్యమైన విషయం ఆ లాభం ఎవరికెంత అన్న పంపకంలో ఉంది. కొంత పశుపోషకుడికి, కొంత రోగి కుటుంబానికి, కొంత ప్రభుత్వ ఆస్పత్రులకు చేరుతుంది. మొత్తం ఖర్చును ఆరోగ్య శాఖ ఒక్కటే తన ఆస్పత్రుల్లో మిగిలే డబ్బుతో పోల్చుకుంటే గిట్టుబాటు కాదు. ఎవరికి అందే లాభాన్ని బట్టి వాళ్లు ఖర్చు పంచుకుంటే ఆరోగ్య శాఖ వాటా 11 శాతమే. ఆ వాటాకు దక్కే ఫలితమేమో ఎన్నో ఆస్పత్రి చికిత్సలకన్నా చవకైనది. ఇది ముందస్తు అంచనాయే, మంగోలియా మందలు మన పాకలు కావు, కాబట్టి ఆ అంకెలను ఉన్నవున్నట్టు ఇక్కడికి తెచ్చి అతికించలేం. కానీ అది నిరూపించిన తర్కం ఎక్కడైనా నిలుస్తుంది. విడివిడిగా ఎవరికీ గిట్టని పని, కలిసి పంచుకుంటే అందరికీ గిట్టుతుంది.

ఖర్చు మానేస్తే ఏమవుతుందో చెప్పడానికి దొమ్మ రోగం చరిత్ర చాలు. ఈ క్రిమి బతుకుచక్రాన్ని రాబర్ట్ కోఖ్ 1876లో విప్పిచెప్పాడు. 1881లో లూయీ పాశ్చర్ పుయీ-ల-ఫోర్ అనే ఫ్రెంచి గ్రామంలో జనం చూస్తుండగా టీకా వేసిన గొర్రెలను, వేయని గొర్రెలను పక్కపక్కన నిలబెట్టి అందరికీ ఆ క్రిమిని ఎక్కించాడు. టీకా వేసినవి నిలిచాయి, వేయనివి కూలాయి. 1930ల్లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన టీకానే నేటికీ చాలా దేశాల్లో పశువులకు వాడుతున్నారు. ఆయుధం చేతిలో ఉండి కూడా జబ్బు ఎందుకు మిగిలిందంటే, ఈ క్రిమి గాలి తగలగానే స్పోర్లుగా మారి మట్టిలో దశాబ్దాలు నిద్రపోతుంది. బ్రిటన్ 1942లో గ్రూయినార్డ్ అనే చిన్న దీవిలో దీన్ని ఆయుధంగా పరీక్షిస్తే, 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్ ద్రావణం చల్లాక, 1990లో గానీ ఆ నేల సురక్షితమని ప్రకటించలేకపోయింది. రష్యాలోని యమాల్ ప్రాంతంలో 1941 తర్వాత జబ్బు కనిపించలేదన్న ధీమాతో 2007లో రెయిన్‌డీర్లకు టీకా ఆపేశారు. 2016 వేసవిలో ఎండలకు గడ్డకట్టిన నేల కరిగింది. రెండువేలకు పైగా రెయిన్‌డీర్లు చచ్చిపోయాయి, పన్నెండేళ్ల బాలుడు బలయ్యాడు. జబ్బు లేకపోవడం టీకా ఫలితమని మరిచిపోయి, టీకా అవసరం లేదనడానికి దాన్నే రుజువుగా చూపడం ఏ బడ్జెట్ సమీక్షలోనైనా జరిగే పొరపాటే.

మన దగ్గర ఈ జబ్బు ముఖం వేరు. విశాఖ మన్యంలోను, సరిహద్దు దాటితే ఒడిశాలోని కోరాపుట్‌లోను, చచ్చిన పశువును కోసి మాంసం పంచుకున్నాక చేతులమీద నల్లటి పెచ్చు కట్టిన పుండ్లు లేచిన సంఘటనలు పలుమార్లు వెలుగుచూశాయి. ప్రతిసారీ అధికారుల సలహా ఒక్కటే: చచ్చిన పశువును కోయకండి, తినకండి. సలహాలో తప్పు లేదు. కోయని కళేబరంలో కుళ్లుతోనే క్రిమి చాలామటుకు నశిస్తుంది, కోస్తే గాలి తగిలి స్పోర్లుగా మారి నేలను పట్టుకుంటుంది. కానీ ఆ కుటుంబానికి ఆ పశువు ఏడాది సంపాదన. దాన్ని ఆరడుగుల గోతిలో పూడ్చమని చెప్పేవాళ్లు బదులుగా ఏమిస్తున్నారు? 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం జబ్బు కనబడితే తెలియజేయడాన్ని విధిగా చేసింది. ఆ విధి మొదట పడేది యజమాని మీదే, నష్టమూ ఆయనదే. బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు చంపిన కోళ్లకు పరిహారం చెల్లించే పద్ధతి మనకు ఉండనే ఉంది. దొమ్మ అనుమానంతో కోయకుండా పూడ్చిన పశువుకూ అదే పద్ధతి వర్తించాలి. పరిహారం కోసం అబద్ధాలాడతారని కొందరంటారు. కళేబరం చెవి నుంచి తీసిన చుక్క రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే చాలావరకు తేలిపోయే విషయమిది. కొన్ని తప్పుడు అర్జీలకు అయ్యే ఖర్చుకన్నా, స్పోర్లు పట్టిన ఒక మేతబీడుకు ఏటా వానల ముందు టీకాలతో కాపలా కాయడానికి అయ్యే ఖర్చే ఎక్కువ.

బ్రూసెల్లా, దొమ్మ తర్వాత మూడో రంగం యాంటిబయాటిక్‌లది. ఇక్కడ మనిషికి, పశువుకు మధ్య దారి రెండువైపులా నడుస్తుంది. ఐరోపా పందుల పెంపకంలో పాతుకుపోయిన, మెథిసిలిన్‌కు లొంగని ఒక స్టెఫిలోకాకస్ రకం మొదట మనిషిదేనని, పందుల్లో చేరాక మందులను తట్టుకునే శక్తి సంపాదించుకుని తిరిగి మనుషుల్లోకి వచ్చిందని 2012లో జన్యు అధ్యయనం తేల్చింది. కొలిస్టిన్ కథ ఇంకా గట్టి పాఠం. ఏ మందూ పనిచేయనప్పుడు ఐసీయూల్లో వైద్యులు చివరగా పట్టుకునే మందు అది. చైనాలో దాన్ని పందుల దాణాలో కలిపేవారు. ఆ మందును తట్టుకునే జన్యువు ఒక క్రిమి నుంచి మరో క్రిమికి సులువుగా దూకగలదని 2015లో అక్కడే బయటపడింది. 2017లో దాణాలో కొలిస్టిన్‌ను నిషేధించారు. పందుల్లో ఆ మందుకు లొంగని క్రిముల శాతం 34 నుంచి రెండేళ్లలో 5కు పడిపోయింది. ఆస్పత్రి రోగుల్లో తగ్గుదల చిన్నదే, 1.7 నుంచి 1.3 శాతానికి, అయినా తగ్గింది. మన దేశం 2019 జులైలో ఆహారానికి పెంచే పశువుల్లో, కోళ్లలో, చేపల్లో కొలిస్టిన్‌ను నిషేధించింది. మందులకు లొంగని క్రిముల పాపంలో ఎక్కువ భాగం ఆస్పత్రులది, చీటీ లేకుండా అమ్మే మందుల షాపులది కదా, రైతును ఎందుకు ఆడిపోసుకోవాలి అనేవారున్నారు. వాళ్ల మాటలో న్యాయముంది, మనుషుల వైపు దుర్వినియోగాన్ని ఈ వాదన దాచిపెట్టకూడదు. ప్రపంచంలో 2019లో 12 లక్షల 70 వేల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని అంచనా. అంత పెద్ద గండంలో తేలికగా తగ్గించగల భాగం ఎక్కడున్నా దాన్ని ముందు తగ్గించుకోవాలి. దాణాలో మందు ఆపితే దిగుబడి పడిపోతుందన్న భయానికి డెన్మార్క్ ఎప్పుడో జవాబు చెప్పింది. పెరుగుదల కోసం యాంటిబయాటిక్‌లు వాడటాన్ని 2000 నాటికి పూర్తిగా మానేశాక కూడా అక్కడ పందుల ఉత్పత్తి పెరుగుతూనే పోయింది.

రొయ్యల చెరువుల అనుభవం మరో సంగతి చెబుతుంది. మందుల అవశేషాలున్నాయని విదేశాల్లో కంటైనర్లు వెనక్కి కొట్టడం మొదలయ్యాక, మన రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను యూరోపియన్ యూనియన్ 2016లో పది నుంచి యాభై శాతానికి పెంచాక, ఎగుమతి దారిలో పరీక్షలు, రికార్డులు, చెరువుల నమోదు గట్టిపడ్డాయి. అడిగేవాడుంటే మన రైతు, మన వ్యాపారి పాటించగలరని దాన్ని బట్టి తేలింది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే ముందున్నాయి. అయినా ఊళ్లో సంతలో కొనే మాంసం, గుడ్డు గురించి అంత గట్టిగా అడిగేవాడు లేడు. విదేశీ కొనుగోలుదారు తన జనం తరఫున అడుగుతున్నాడు. ఇక్కడి జనం తరఫున అడగవలసింది ఆరోగ్య శాఖే. ఖర్చులో వాటా పెట్టినప్పుడే అలా అడిగే హక్కు దానికి బలంగా దక్కుతుంది.

చివరి అభ్యంతరం డబ్బుది. ఆస్పత్రుల్లో పడకలకే నిధులు చాలనప్పుడు, గేదెలకు పంచడం భావ్యమా? పడకలను తగ్గించి పెట్టమని ఎవరూ అనడం లేదు. పడక దాకా రానివ్వని ఖర్చు చిన్నదనే ఈ వాదన సారం. మనిషి ఆరోగ్యాన్ని, పశువు ఆరోగ్యాన్ని కలిపి చూడాలనే వన్ హెల్త్ పేరుతో కమిటీలు వచ్చాయి, 2022 డిసెంబరులో నాగపూర్‌లో జాతీయ సంస్థకు శంకుస్థాపన జరిగింది, ఇంకేం కావాలి అనేవారికి కూడా జవాబు ఇదే: కమిటీ సమాచారాన్ని కలుపుతుంది, పద్దు ఒక్కటే బాధ్యతను కలుపుతుంది. ఇందుకు ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, పశువ్యాధుల నివారణ రెండూ రాష్ట్రాల జాబితాలోనే ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ మూడు పనులతో మొదలుపెట్టవచ్చు. ఆరోగ్య బడ్జెట్‌లో పశువుల నుంచి వచ్చే వ్యాధుల నివారణకు ఒక ప్రత్యేక పద్దు తెరిచి, పెయ్యల టీకాకు, దొమ్మ గ్రామాల్లో ఏటా వేసే టీకాకు, పూడ్చిన పశువు పరిహారానికి అందులోంచి వాటా చెల్లించడం మొదటిది. రెండు వారాలు దాటిన జ్వరంతో వచ్చిన వాళ్లలో పశువులతో పనిచేసేవారికి చవకైన బ్రూసెల్లా రక్తపరీక్ష చేసి, ఫలితాన్ని అదే మండలం పశువైద్యుడికి పంపడం రెండోది. గోపాలమిత్రలకు, టీకాలు వేసేవాళ్లకు చేతితొడుగులు, కళ్లద్దాలు, ఏటా రక్తపరీక్ష ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వడం మూడోది. వీటిలో ఏదీ కొత్త శాస్త్రం అడగదు. ఐదేళ్లు నడిపి చూశాక ఆ మండలాల్లో జ్వరాలు తగ్గకపోతే పద్దును మూసేయవచ్చు. ఆ పరీక్షకు నిలబడటానికి ఈ వాదన సిద్ధంగా ఉంది. ఆ మాత్రం పరీక్ష పెట్టడానికి ముందుకు రావలసింది ఆరోగ్య, ఆర్థిక శాఖలే.